నాన్న నిచ్చెన

రావులపాలెం దగ్గర మా పుట్టిల్లు అమ్మేశాక, సామాను పంచుకునే రోజు నేను అడిగింది ఒక్కటే, నాన్న వెదురు నిచ్చెన. పెరట్లో మామిడికాయలు కోయాలన్నా, అటక మీది జాడీలు దించాలన్నా నాన్న దాన్నే ఎక్కేవారు. కింద పట్టుకునే ఉద్యోగం నాది.

"దానికేముందక్కా, కారు మీద కట్టేద్దాం" అన్నాడు తమ్ముడు.

మావారు టేపు తెచ్చి కొలిచారు. నిచ్చెన 14.5 అడుగులు, మా కారు 13. "అడుగున్నర బయటికొస్తుంది, కుదరదు."

"చివర ఎర్రగుడ్డ కడితే చాలు బావగారూ, అందరూ అలాగే వెళ్తున్నారు."

నేనూ అదే అనుకునేదాన్నండీ. ఎర్రగుడ్డ కట్టినా తప్పు తప్పేనట. బండికి ముందుకిగానీ, వెనక్కిగానీ, పక్కలకిగానీ సామాను పొడుచుకు రాకూడదు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక దీనికి జరిమానా 20,000 రూపాయలు. సామాను దింపించే ఖర్చు అదనం.

"ఆ డబ్బుతో కొత్త నిచ్చెనలు ఎన్నొస్తాయో" అన్నారు మావారు. నాకు ఒళ్ళు మండింది. "మా నాన్నది కాబట్టి మీకు బరువైంది" అనేశాను.

ఆయన కోప్పడలేదు. "మీ పెద్దమ్మ కొడుకుని మర్చిపోయావా?" అన్నారు.

మర్చిపోలేదు. రాత్రిపూట రోడ్డు పక్క ఆగిన లారీ, వెనక పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు, మోటారు సైకిలు మీద అన్నయ్య. ప్రాణం దక్కింది, ఎడమ కన్ను పోయింది. ఆ చువ్వలకీ ఎర్రగుడ్డ ఉందిట. చీకట్లో ఎవరికి కనిపిస్తుంది?

నేనే వెళ్ళి వడ్రంగిని పిలుచుకొచ్చాను. రంపం పడుతుంటే మాత్రం లోపలికి వెళ్ళిపోయాను.

కింది 8 అడుగుల ముక్క నాది. పైన పాత బొంత మడిచి వేసి, దానిమీద పెట్టారు. తలుపుల్లోంచి తాడు లాగి కట్టేస్తే అయిపోయిందనుకున్నాను. అలా ఒక్కటే కడితే గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందుకి జారిపోతుందిట, వేగంలో గాలి కిందికి దూరి పైకి లేపుతుందిట. అందుకని ముందూ వెనకా బంపరు దగ్గరి కొక్కేలకి కూడా బిగించారు. తాడేపల్లిగూడెంలో టీకి ఆగి చూస్తే, అప్పటికే ఒక ముడి వదులైంది! మళ్ళీ కట్టి, ఏలూరులో ఇంకోసారి చూసుకుని విజయవాడ చేరాం.

ఇప్పుడది మా బాల్కనీ గోడకి ఆనుకుని ఉంది. మెట్ల మీద తువ్వాళ్ళు ఆరేస్తున్నాను. "పనికొచ్చే ముక్క నువ్వే పట్టుకెళ్ళావక్కా" అని తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా దెబ్బలాట.