రెండు గీతల పుస్తకం

ఇచ్ఛాపురం వెళ్లినప్పుడల్లా రెండు గీతల పుస్తకాలు అరడజను కొనితెచ్చుకోవడం నాకు అలవాటు. బడి నుంచి రిటైరయి తొమ్మిదేళ్లయినా అది మానలేదు. మా వీధి తెలుగు పిల్లలు నలుగురైదుగురు సాయంత్రాలు మా అరుగు మీదకొస్తారు. వాళ్లచేత అక్షరాలు దిద్దిస్తాను. 1936 ఏప్రిల్ 1న బరంపురం మద్రాసు రాష్ట్రం నుంచి ఒరిస్సాలోకి వచ్చింది. ఇచ్ఛాపురం అవతలే ఉండిపోయింది. పిల్లల చేతికి తెలుగు రాత అందుతుందా అన్న బెంగ అప్పటి నుంచీ మా పెద్దలది. అదే నాకూ వచ్చింది.

మా తమ్ముడి కూతురు ప్లస్ టూ అయ్యాక పార్లరు పని నేర్చుకుంటోంది. ఓ రోజు నా పుస్తకాల కట్టలో ఒకటి తక్కువయింది. వెతికితే దాని మంచం మీద దొరికింది. తెరిచి చూస్తే ఒక్క అక్షరం లేదు. పేజీల నిండా జతలు జతలుగా కనుబొమలు!

"ఏటే ఇది? అక్షరాలకి తెచ్చిన పుస్తకంలో బొమలు గీస్తావా?" అని కోప్పడ్డాను.

"రూళ్లున్నాయి కదత్తా. రెండు బొమలూ ఒక్క ఎత్తులో వచ్చాయో లేదో తెలుస్తాది" అంది.

తరవాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. ముక్కుపుటం అంచు నుంచి నిలువుగా పైకి వెళితే బొమ మొదలు. అక్కణ్ణుంచే కంటి చివర మీదుగా గీత లాగితే బొమ తోక. ముందు అంచు గీసుకోవాలి. ఆ తరవాత నీడ పెట్టాలి. పెన్సిలు ఉయ్యాల ఊగినట్టు కాయితానికి తగిలీ తగలకుండా పోవాలి. ఒకేసారి నొక్కకూడదు, పొర మీద పొర వెయ్యాలి. ముక్కు వైపు పొగలా పలచగా, తోక వైపు చిక్కగా. నేను పిల్లలకి చెప్పే మాటే అది: తలకట్టు పెట్టేటప్పుడు చెయ్యి తేలిగ్గా లేపుతూ గీతని సన్నంగా వదలాలని.

కాయితం తరవాత రబ్బరు తోలు మీద సూదితో నేర్చుకుంటారట. మనిషి చర్మం ఆఖరున. సూది మరీ లోతుకి దిగితే రంగు అలుక్కుపోయి, నీలంగా తిరుగుతుందట. మా నాయనమ్మ ముంజేతి పచ్చబొట్టు గుర్తొచ్చింది. దాని మీద పేరు నాకు బుద్ధి తెలిసేసరికే నీలపు మరకయిపోయింది. సరిగ్గా వేసిన బొమల రంగు మాత్రం ఏడాది నుంచి మూడేళ్లలో మెల్లగా వెలిసిపోతుందట.

పేజీలు తిప్పుతూ చివరికి వచ్చాను. అక్కడ బొమలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఎడమ బొమ మధ్యలో చిన్న ఖాళీ.

ఆ ఖాళీ నాది. ఏడేళ్లప్పుడు నూతిగట్టు మీద పడితే మిగిలిన మచ్చ.

మూడేళ్ల కిందట నాకు రొమ్ములో గడ్డ వచ్చింది. ఆపరేషను, ఆపైన కీమో. జుట్టంతా రాలిపోయింది. తల మీది జుట్టు తిరిగొచ్చింది గాని బొమల తోకలు రాలేదు. రోజూ పొద్దున్నే పెన్సిలుతో దిద్దుకుంటాను. బరంపురం ఉక్కకి మధ్యాహ్నానికి చెరిగిపోతాయి. పోయిన ఠాకురాణి యాత్రలో పులివేషాలు చూస్తూ కొంగుతో నుదురు తుడుచుకున్నాను. పక్కనున్న పసివాడు పులిని వదిలేసి నా మొహంకేసే చూస్తుండిపోయాడు. ఆనాటి నుంచి పేరంటాలకి వెళ్లడం తగ్గించాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నా చెయ్యి పట్టుకుని నడిచింది ఈ పిల్లే.

"మచ్చ కూడా ఎందుకు దింపావే?" అన్నాను.

"అది లేకపోతే నువ్వెలాగవుతావు?" అంది తలెత్తకుండానే. కాసేపాగి, "ఇప్పుడే కాదులే. డాక్టరుగారు సరే అనాలి. నా చెయ్యి కుదరాలి. కాయితం మీద తప్పయితే రబ్బరుతో పోతాది. నీ మొహం మీద ఎలా తుడుస్తాను?" అంది.

ముప్ఫై ఏళ్లు బడిలో పిల్లల తప్పులు దిద్దాను. తప్పు చేస్తానేమోనని ముందే ఇంత భయపడి, ఇన్ని పేజీలు గీసిన పిల్ల నాకు తగల్లేదు. ఎదటి మనిషి మొహమంటే దానికున్న గౌరవం అది. పుస్తకం పాడైందని ఇంకేమంటాను?

రెండో పుస్తకం నేనే ఇచ్చాను. ఒక షరతు పెట్టాను. ప్రతి పేజీ అడుగునా తారీకూ, ఆ రోజు జరిగిన తప్పూ తెలుగులో రాయాలి.

మర్నాడు చూశాను. "ఎడమ తోక బరువయింది" అని రాయబోయి, 'రు'కి కొమ్ము మరిచిపోయింది. ఎర్ర పెన్సిలు తీసి కొమ్ము పెట్టాను. బొమల జోలికి వెళ్లలేదు.