పాసు మీద కొత్త ఊరు

ఖరగ్‌పూర్ ఎర్రనేల మీద ఎండలు ముదరగానే, రైల్వే వర్క్‌షాపులో పనిచేసే ఒక తెలుగు ఉద్యోగి ఏటా విజయనగరానికే పాసు తీసుకునేవాడు. పెళ్ళిళ్ళు, పేరంటాలు, మామిడిపళ్ళ బుట్టలు. వీటి నడుమ దంపతులు తీరికగా మాట్లాడుకున్నది తక్కువ. పిల్లలు దూరమయ్యాక ఈసారి న్యూ జల్పాయ్‌గురికి తీసుకున్నాడు.

"అక్కడ మనవాళ్ళెవరున్నారండీ?" అన్నది భార్య.

"ఎవరూ లేరు. అందుకే."

1881లో డార్జిలింగ్ చేరిన రెండడుగుల పట్టాల చిన్నబండి అక్కడినుండి 88 కిలోమీటర్లు ఎక్కడానికి సుమారు ఏడు గంటలు తీసుకుంటుంది. జీపు త్వరగానే చేరుస్తుంది; కానీ తొందరేమున్నది? 2258 మీటర్ల ఎత్తున ఉన్న ఘూమ్‌లో మే నెలలోనూ శాలువా కావాలి. ఆ రోజుల్లో కాంచన్‌జంగ మబ్బుల చాటున దాగడం మామూలే గనుక, సూర్యోదయం కోసం చీకటితో లేచి టైగర్ హిల్‌కు పరుగెత్తడాన్ని అతడు కార్యక్రమంలోంచి కొట్టివేశాడు. దానికి బదులు "వరండా, టీ" అని వ్రాశాడు.

ఆమె కలం అందుకుని మరునాటికీ అదే వ్రాసింది.