రెండు లీటర్ల పేచీ

కొందరిళ్ళల్లో మొగుడూ పెళ్ళాలకి పులుసులో బెల్లం దగ్గర పేచీ. కొందరిళ్ళల్లో ఫాను వేగం దగ్గర. అమెరికాలో, డెన్వరులో కాపరముంటున్న మా తమ్ముడింట్లో మాత్రం పేచీ ఇంజను ఊపిరి దగ్గర. వాడికో కారు, మా మరదలికో కారు. రెండూ ఇద్దరు మాత్రమే పట్టే స్పోర్ట్సు కార్లు. ఇంటికి మూడో మనిషి వచ్చిందా, ఎక్కడికెళ్ళాలన్నా రెండూ బయటికి తియ్యాల్సిందే. గత సెప్టెంబరులో ఆ మూడో మనిషిని నేను.

తమ్ముడిది హోండా ఎస్ 2000. 1999లో మొదలుపెట్టి 2009లో తయారీ ఆపేసిన బండి. ఎవరో వాడింది కొని, చంటిపిల్లాణ్ణి సాకినట్టు సాకుతున్నాడు. మరదలిది పోర్షే 718 కేమన్. తన జీతంతో తను కొనుక్కుంది. ఆ అమ్మాయి మత్తుమందు డాక్టరు లెండి. బల్లమీద పడుకున్న వాళ్ళ ఊపిరి కనిపెట్టి ఉండడమే ఉద్యోగం.

నేను చదివింది బి.ఏ. తెలుగు. ఇంజనంటే నాకు నల్లటి గొట్టాల గంప. కేమన్‌లో ఆ గంప కూడా కంటికి ఆనదు. ముందొక డిక్కీ, వెనకొక డిక్కీ ఉంటాయి. ఇంజను సీట్ల వెనకాల ఎక్కడో పరదా చాటున ఉంటుంది. ముందు డిక్కీలో నా సూట్‌కేసు కుదురుగా పట్టింది. హోండా డిక్కీలో ఆవకాయ జాడీ, పులిహోర డబ్బా పెట్టేసరికే చోటు అయిపోయింది. ఆ విషయంలో నా ఓటు అప్పుడే పడిపోయింది.

చోద్యమేమిటంటే, రెండింటి ఇంజను కొలతా ఒకటే. 2 లీటర్లు, 4 సిలిండర్లు. గిన్నె ఒకటే, వంట వేరు. హోండాది 240 హార్సుపవరు, అదీ ఇంజను నిమిషానికి 8,300 చుట్లు తిరిగితేనే. పోర్షేది 300. ఇరుసుని మెలితిప్పే బలం చూస్తే తేడా ఇంకా ఎక్కువ. హోండాది 7,500 చుట్ల దగ్గర 208 న్యూటన్ మీటర్లు. పోర్షేది 1,950 చుట్లకే 380. ఈ అంకెలు నాకు కంఠతా వచ్చాయంటే ఆ ఇంట్లో అన్నం దగ్గర ఎన్నిసార్లు వినిపించాయో మీరే ఊహించుకోండి.

తేడా అంతా టర్బోలో ఉందిట. మామూలు ఇంజను తన గాలి తనే పీల్చుకుంటుంది. టర్బో ఇంజనుకి గాలి ఊదిపెడతారు. ఊదేది ఎవరయ్యా అంటే, అది వదిలిన పొగే! బయటికి పోయే వేడి పొగ దారిలో ఓ చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి అవతలి కొసనున్న చక్రం బయటి గాలిని కుక్కి కుక్కి సిలిండర్లలోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ మండుతుంది. కట్టెలపొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకు కూర్చున్న మా నాయనమ్మకి ఇది ఒకరు చెప్పనక్కర్లేదు. కాకపోతే ఇక్కడ పొయ్యి పొగే గొట్టం ఊదిపెడుతోంది. ఆల్‌ఫ్రెడ్ బ్యూకి అనే స్విస్ ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు.

"అది అరువు బలం అక్కా. నా బండిది సొంత ఊపిరి," అంటాడు తమ్ముడు.

నాకు ఒళ్ళు మండింది. వృథాగా పోయే పొగని పనికి పెట్టుకోవడం అరువెలా అవుతుంది? బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకి పోస్తే ఆ మొక్క అప్పులపాలైనట్టా? ఇంజన్లలో ఇల్లాలి బుద్ధి పుట్టింది ఏదన్నా ఉంటే అది టర్బోయే. ఆ మాటే అన్నాను. మరదలు వంటింట్లోంచి "వినండి, వినండి" అంది.

సరే, ఏది గొప్పో రోడ్డు మీదే తేల్చుకుందామని బయల్దేరాం. డెన్వరే 5,280 అడుగుల ఎత్తున ఉంది. మన తిరుమల కొండ మూడు వేల అడుగులకి కాస్త తక్కువ. అక్కణ్ణించి ఎస్టెస్ పార్కు మీదుగా ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు ఎక్కితే 12,183 అడుగులు. దారి పొడుగునా ఆస్పెన్ చెట్లు పసుపు రాసుకున్న గడపల్లా ఉన్నాయి. పైకి పోగా పోగా చెట్లే లేవు. గడ్డీ, బండలూ, ఆకాశం.

ముందు నేను హోండాలో ఎక్కాను. టాపు తీసేశాడు. కొండెక్కేకొద్దీ పాపం వాడికి చేతినిండా పని. గేరు మార్చడం, పెంచడం, మళ్ళీ దించడం. టర్బో లేని ఇంజనుకి ప్రతి వెయ్యి అడుగులకీ నూటికి 3 వంతుల బలం తగ్గుతుందని లెక్క. కొండకొమ్మున ఆ 240లో మూడో వంతుకి పైగా ఎగిరిపోయినట్టే. ముందు పోతున్న కేమన్‌కి ఆ చింత అంతగా లేదు. గాలి పలచనైతే దాని చక్రం మరింత జోరుగా తిరిగి చాలా మటుకు పూడ్చుకుంటుంది.

ఈ కిటుకు పరీక్ష జరిగింది కూడా ఆ కొలరాడో రాష్ట్రంలోనే. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు ఒక విమానం ఇంజనుని పైక్స్ పీక్ కొండమీదికి, దాదాపు 14 వేల అడుగుల ఎత్తుకి చేర్చి టర్బో తగిలించి నడిపి చూశాడు. సముద్రం దగ్గరుండే బలం కొండమీదా వచ్చింది. విమానాలకి ఆ ఎత్తుల్లో ఊపిరాడాలి గదా మరి!

పైన విజిటర్ సెంటర్ పక్కన మెట్లదారి ఉంది. దానికి ఆయాసాల గుట్ట అనే అర్థం వచ్చేలా ముద్దుపేరు పెట్టుకున్నారు. నాలుగు మెట్లు ఎక్కేసరికి పేరు సార్థకమైంది. గుండె దడదడ. మరదలు నా మణికట్టు పట్టుకుని నాడి చూసి, "ఏం ఫర్వాలేదు, మీది కూడా మీ తమ్ముడి బండి బాపతే వదినా. సొంత ఊపిరి," అంది. కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించింది.

అక్కణ్ణించి కేమన్‌లోకి మారాను. గ్రాండ్ లేక్ దిగి, బెర్తూడ్ కనుమ ఎక్కాం. ముందు ఓ పెద్ద లారీ. మరదలు కాలు నొక్కింది. ఓ రెప్పపాటు ఏమీ జరగలేదు. "వస్తున్నా అత్తయ్యా" అని లోపల్నించి పలికి, ఆ తర్వాత గబగబా వచ్చే కోడలిలా, అప్పుడు వీపుమీద ఎవరో తోసినట్టు బండి దూకింది. గేరు మార్చనే లేదు. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ చప్పుడేం చప్పుడు! మిక్సీలో పప్పు రుబ్బుతున్నట్టుంది. 2016లో ఈ మోడలుకి 6 సిలిండర్లు తీసేసి 4 సిలిండర్ల టర్బో పెట్టినప్పుడు అభిమానులు గోలపెట్టింది ఆ చప్పుడు గురించేనట.

"నా బండి పాడదు వదినా, పనిచేస్తుంది. పన్నెండు గంటలు డ్యూటీ చేసి ఇంటికొచ్చేటప్పుడు బండిని కూడా బతిమాలాలంటే నావల్ల కాదు," అంది.

నాలుగేళ్ళుగా ఆమె కారు గురించి మా అమ్మ అన్న మాటలన్నీ అప్పుడు నాకు గుర్తొచ్చాయి. తమ్ముడి కారుని అమ్మ ఎప్పుడూ "వాడి సరదా" అంటుంది. కోడలి కారుని "దాని పొగరు" అంటుంది.

ఇంతలో వెనకనించి ఓ అరుపు లేచింది. తమ్ముడు లారీని దాటుతున్నాడు. ఆరువేల చుట్లు దాటితే హోండా ఇంజను లోపల కవాటాల తీరు మారి, గొంతే మారిపోతుంది. తొమ్మిదివేల దాకా ఎక్కుతుంది. సన్నాయివాడు ఊపిరి బిగబట్టి తారస్థాయికి పోయినట్టు ఆ నాదం కొండకి తగిలి మామీదికి తిరిగొచ్చింది. మరదలు మాట ఆపి తన వైపు అద్దం దించింది. ఆ చప్పుడు ఆగేదాకా ఎత్తలేదు.

టర్బో ఇప్పుడు అంత దూరపు మాటేమీ కాదు. పొగకీ పెట్రోలుకీ నిబంధనలు బిగిసేకొద్దీ చిన్న ఇంజనుకి టర్బో తగిలించడం కంపెనీలకి అలవాటైపోయింది. విజయవాడలో మా అపార్టుమెంటు సెల్లారులోనే నెక్సాన్లు మూడున్నాయి.

నేను తిరిగొచ్చాక డిసెంబరులో మరదలు నీళ్ళోసుకుందని కబురొచ్చింది. పిల్లని పెట్టుకుని ఇద్దరు పట్టే బళ్ళు రెండెందుకు? ఒకటి అమ్మాలి. అమ్మ క్షణం ఆలోచించలేదు. "దానిది అమ్మెయ్యమను. ఇంట్లో ఉండే దానికి అంత కారేం చేసుకోను?" ఆ అమ్మాయి ఇంట్లో ఉంటుందని ఎవరు చెప్పారో! నేను అప్పటికప్పుడే తమ్ముడికి ఫోన్ చేసి, "ఒరే, దాని జీతంతో కొన్నది అమ్మాలో వద్దో అదే చెప్పాలి. నువ్వూ అమ్మా కాదు," అన్నాను. అమ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

తమ్ముడు తన హోండానే అమ్మకానికి పెట్టాడు. కొనడానికి ఓ కుర్రాడొచ్చాడట. ఆ రోజు తమ్ముడు ఆఫీసులో ఉంటే, మరదలే ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయటికి తీసుకెళ్ళిందట. తొమ్మిదివేల దాకా ఎక్కించి, ఇంటిముందు దింపి, "ఏమీ అనుకోకు బాబూ, ఇది అమ్మడం లేదు" అని పంపేసిందట.

పాపాయి కుర్చీ పట్టే బండి ఒకటి చూస్తున్నారు. అది కూడా హోండాయేనని తమ్ముడు సంబరపడ్డాడు. తీరా చూస్తే దానికీ టర్బోయేనట.