బడి కబురు

బడికిని ఇంటికిని నడుమనున్న దారి చిన్నది. బాలుడు సంచి భుజమున వైచుకొని పది నిమిషములలో దానిని దాటును. కాని బడిలో జరుగు సంగతి ఆ దారివెంట ఇంటికి చేరుట అంత సులభము కాదు. ఈ సత్యమును నేను శిక్షణ కళాశాలలో నేర్చుకొనలేదు. కూలి చేసికొని బ్రదుకు నొక తల్లి నాకు నేర్పినది. ఆ వృత్తాంతమును మీకు చెప్పదలచితిని.

1989వ సంవత్సరమున నేను గుంటూరు జిల్లా పల్నాటి సీమలోని యొక పల్లెయందు ప్రాథమిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనుగా నుంటిని. ఆ పల్లె నేడు పల్నాడు జిల్లాలో చేరియున్నది. పాఠశాలకు రెండు గదులు, ఒక వసారా, ముంగిట నొక వేపచెట్టు. ఆ చెట్టుకొమ్మకు వ్రేలాడగట్టిన రైలుపట్టా ముక్కయే మా గంట. ఐదు తరగతులకు ఇద్దరము ఉపాధ్యాయులము. అప్పటికి నాకు ఇరువదితొమ్మిది యేండ్లు. తెలుగు పండిత శిక్షణ ముగించి వచ్చినవాడ నగుటచే భాషపై అభిమానము మెండు. ఆ యభిమానములో కొంత గర్వమును కలసియుండెను.

మార్చి నెల నడుమనుండి మా ప్రాంతమున ఎండలు ముదురును. అప్పుడు ఒంటిపూట బడి పెట్టుట వాడుక. అంతవరకు ఉదయము 9.30 గంటలకు కూడు బడి 7.45 గంటలకే కూడును. ఈ మార్పును, దానితోపాటు పాఠశాల నియమములను తల్లిదండ్రులకు ముందుగా తెలుపవలెనని తలచితిని. తలంపు మంచిదే. ఒక ప్రకటన వ్రాసి, కార్బను కాగితములు పెట్టి ప్రతులు తీసి, పిల్లల చేతికిచ్చి ఇండ్లకు పంపితిని. అందలి మొదటి వాక్యము నాకు నేటికిని జ్ఞాపకమున్నది: “గ్రీష్మతాప కారణమున పాఠశాలా కార్యక్రమములు ప్రాతఃకాలముననే ప్రారంభింపబడుచున్నందున విద్యార్థులు నియమిత సమయమునకు పూర్వమే సన్నిహితులు కావలయును.” విలంబముగా వచ్చువారిని లోనికి అనుమతింపమనియు చివర చేర్చితిని. వ్రాసినదానిని రెండుమారులు చదువుకొని నాలో నేనే సంతోషించితిని.

ఒంటిపూట బడులు మొదలయ్యెను. వారము దినములలో సగముమంది పిల్లలు ఆలస్యముగా రాజొచ్చిరి. నాకు కోపము వచ్చెను. ‘అన్నియు వ్రాసి పంపితిని గదా! ఈ తల్లిదండ్రులకు పిల్లల చదువుపై శ్రద్ధ లేదు’ అని నిశ్చయించుకొంటిని. మూడవ తరగతి చదువుచున్న యొక బాలిక ప్రతిదినము ఎనిమిదిన్నర దాటిన పిదపనే వచ్చుచుండెను. కారణ మడిగినచో తలవంచుకొనునే గాని బదులు చెప్పదు. ఒకనాడు ఆమెను వసారాలోనే నిలువబెట్టితిని. ఎండ మెట్లు దాటి లోనికి వచ్చువరకు ఆమె అచ్చటనే నిలిచియుండెను. మరునాటినుండి ఆమె బడికి రాలేదు. హాజరుపట్టీలో ఆమె పేరున కెదురుగా పది దినములు వరుసగా గైరుహాజరు పడెను.

పదునొకండవ నాటి సాయంకాలము నేను వారి యింటికి పోతిని. చెరువుగట్టున కావల వారి వాడ. తల్లి అప్పుడే మిరపచేనినుండి తిరిగివచ్చి చేతులకు నూనె రాచుకొనుచుండెను. దినమంతయు మిరపకాయలు కోసిన వ్రేళ్ళు రాత్రివరకు మండుచుండును. బాలిక తమ్ముని చంకనెత్తుకొని గడపలో నిలిచియుండెను. నన్ను చూచి ఆ తల్లి తడబడి లేచి మంచము వాల్చెను. నేనేమియు అడుగకమునుపే లోనికి పోయి, దేవుని పటము వెనుకనుండి నాలుగు మడతలు పెట్టిన కాగిత మొకటి తెచ్చెను.

“పంతులుగారూ, మీరంపిన కాగితం భద్రంగానే దాచానండీ. నాకు చదువు రాదు. పిల్లచేత చదివించాను. గడగడా చదివింది గానీ, మమ్మల్నేం చెయ్యమన్నారో దానికీ తెలియలేదు, నాకూ తెలియలేదు. పక్కింటాయన్ని అడిగితే సెలవుల సంగతేమో అన్నాడు.”

నాకు కొంతసేపు నోట మాట రాలేదు. తుదకు, “బడి ఎనిమిదికి ముందే మొదలగుచున్నదని పిల్ల చెప్పలేదా అమ్మా?” అని యడిగితిని. తల్లి బిడ్డవైపు చూచెను. బిడ్డ కన్నుల నీరు నించుకొని, “చెప్తే బడి మానుకోమంటావని చెప్పలేదు” అని మెల్లగా ననెను.

అప్పుడు సంగతి తెలిసెను. తల్లి వేకువనే చేనికి పోవును. అవ్వ ఊరిలోని ఇండ్లలో పాచిపని ముగించుకొని వచ్చువరకు తమ్ముని చూచుకొనుట ఆ బాలిక పని. అవ్వ వచ్చునప్పటికి ఎనిమిది దాటును. ఇంటిలో చెప్పిన చదువు పోవును, చెప్పకున్న బడిలో శిక్ష తప్పదు. ఎనిమిదేండ్ల పిల్ల ఈ రెంటి నడుమ నలిగి, బడికి పోవుటయే మానినది.

“అంత పొద్దున్నే బడి అని తెలిస్తే పిల్లాణ్ణి నాతోనే చేనికి తీసుకుపోయేదాన్ని కదండీ. చెట్టుకి ఉయ్యాల కడితే వాడే పడుకుంటాడు. దాని చదువు మాన్పించటం నాకిష్టమా?” అని ఆ తల్లి పలికెను.

ఇంటికి మరలివచ్చు దారిలో నన్ను నేనే ప్రశ్నించుకొంటిని. శ్రద్ధ లేనిది ఎవరికి? తనకు చదువరాని కాగితమును దేవుని పటము వెనుక దాచిన తల్లికా? ఎవరు చదువుదురో తలపక, తన పాండిత్యమునకు తానే మురిసిన పంతులుకా?

మరునాడు బాలిక బడికి వచ్చెను. పిల్లలందరి యెదుట ‘తప్పు నాది’ అని చెప్పితిని.

ఆ యాదివారము చీకటిపడిన పిదప, కూలివారు తిరిగివచ్చిన సమయమున, ఆ వాడలోని రావిచెట్టు క్రింద తల్లిదండ్రులను కలిసికొంటిని. ఈ మారు కాగితము తీసికొని పోలేదు. బడిలో దినము ఎట్లు గడచునో మాటలతోనే చెప్పితిని. మొదట ప్రార్థన, పిదప హాజరు, ఆ పిదప చదువు, ఎక్కములు. నడుమ మంచినీళ్ళకు విరామము. చివర నొక కథ. పలకయు బలపమును ఉండవలెను. బట్టలు పాతవైనను ఉతికినవైన చాలును. పిల్లకు జబ్బు చేసినచో తోటివారితో కబురంపిన చాలును. ఇంతవరకు చెప్పి, ఇక మీరు చెప్పుడంటిని.

అప్పుడు నేను తెలిసికొన్నవి పెక్కు. గాలి ఎదురుగా వీచినప్పుడు మా గంట చెరువుగట్టు దాటి వినబడదట. ఆలస్యమైనచో లోనికి రానీయరను భయమున కొందరు పిల్లలు గట్టుమీదనే పొద్దుపుచ్చి ఇంటికి పోవుచున్నారట. ఒక తండ్రి, “మావాడు బడిలో చింతపిక్కలాడుతున్నాడటండీ, అందుకా పంపేది?” అని నిష్ఠురమాడెను. ఆయనను మరునాడు బడికి రమ్మంటిని. కుమారుడు చింతపిక్కలను పదేసి కుప్పలుగా పోసి, నలుబదియేడును ఇరువదియారును కలిపి డెబ్బదిమూడని చెప్పుట కన్నులార చూచెను. “ఇవి లెక్కలా!” అని నవ్వి, తానును కొంతసేపు కూర్చుండి కూడిక వేసి పోయెను.

నాటినుండి మొదటి గంట అరగంట ముందుగా కొట్టించితిని. ఐదవ తరగతి బాలుడొకడు గట్టుమీదికి పోయి కంచుపళ్ళెము మ్రోగించి వచ్చును. నెలకొకమారు ఒక్కొక్క వాడలో తల్లిదండ్రులతో మాటలాడుట నియమముగా పెట్టుకొంటిని. ఇంటికి పోవునప్పుడు ప్రతి పిల్లయు రెండు మాటలు మోసికొని పోవలెను: నేడు నేర్చినదొకటి, రేపు చేయవలసినదొకటి. ఆలస్యముగా వచ్చువారు పూర్తిగా లేకపోలేదు. కాని ఎవరు ఏల ఆలస్యమైరో నాకు తెలియుచుండెను. వసారాలో మరెవరిని నిలువబెట్టలేదు. ఆ బాలిక ఆ యేడే నాలుగవ తరగతికి పోయెను.

తరువాతి కాలమున చట్టములే ఈ పనికి పూనుకొన్నవి. 1998లో మన రాష్ట్రమున బడి వ్యవహారములలో తల్లిదండ్రులకు చోటు కల్పించుచు చట్టము వచ్చెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ప్రభుత్వ పాఠశాలల నిర్వహణ సంఘములలో నాలుగింట మూడువంతుల సభ్యులు తల్లిదండ్రులో సంరక్షకులో కావలెననియు, సగముమంది స్త్రీలు కావలెననియు అది విధించెను. 2020లో నేను ఉద్యోగవిరమణ చేయునాటికి బడి కబురులు సెల్‌ఫోనులలో క్షణములో ఇంటింటికి పోవుచుండెను. అయినను, పంపిన కబురెల్ల చేరిన కబురు కాదు. మా బడిలోని యొక యువ ఉపాధ్యాయిని, చదువరాని తల్లుల కొరకు ప్రతి కబురును తన గొంతుతో పలికి పంపుచుండెడిది. అది చూచి నేనెంతో సంతసించితిని.

బాలలారా! బడినుండి కాగితము వచ్చినచో దానిని ఇంటివారి చేతిలో పెట్టి ఊరకుండకుడు. చదివి, అర్థము చెప్పుడు. ఇంటిలో నిబ్బంది కలిగినచో దాచక ఉపాధ్యాయులకు తెలుపుడు. నేనీ వ్యాసమును నా పాత యలవాటు చొప్పున పండితభాషలోనే వ్రాసితిని. ఎనిమిదవ తరగతికి వచ్చినవారు గనుక మీరు గ్రహింపగలరు. ఇంటికి పోయి మీ అవ్వకు చెప్పునప్పుడు మాత్రము మీ మాటలలోనే చెప్పుడు.