చేదుతో మొదలయ్యే సాయంత్రం

మా అన్న తాగుడు వల్ల పోయాడు. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే ఇప్పుడు నేను రాస్తున్నది తాగే పానీయాల గురించి. అన్న పోయిన దగ్గర్నుంచి నేను చుక్క ముట్టలేదు. పండగపూట పెద్దలు ఆకు డొప్పలో జీలుగు కల్లు పోసి అందిస్తే కళ్లకద్దుకుని పక్కవాళ్లకు ఇచ్చేస్తాను. ఎందుకని ఎవరూ అడగరు. కారణం ఊరందరికీ తెలుసు.

అలాంటి నేను 2024 సెప్టెంబరులో ఇటలీలోని టురిన్ నగరంలో, ఒక సాయంత్రమంతా వీధుల వెంట తిరుగుతూ అక్కడివాళ్లు తాగేవి, వాటితో తినేవి చూశాను. వెళ్లేటప్పుడు మనసులో గుంజాటన ఉంది. వచ్చేటప్పుడు ఇంకో రకం గుంజాటన మిగిలింది. అదే మీతో చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

రెండేళ్లకోసారి ఆ నగరంలో ‘టెర్రా మాద్రే’ అనే సభ జరుగుతుంది. భూమి తల్లి అని దాని అర్థం. చాలా దేశాల నుంచి చిన్న రైతులు, జాలరులు, పశువుల కాపరులు, ఆదివాసులు తమ తిండి గురించి చెప్పుకోడానికి వస్తారు. మా రంప కొండల నుంచి మా పక్క ఊరి అక్క సామలు, కొర్రలు పట్టుకుని బయల్దేరింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఆశ్రమ పాఠశాలలో పంతులుగా ఉన్న నన్ను మాట సాయానికి తోడు పంపారు. మూడో రోజున మాకు ఆతిథ్యం ఇచ్చినవాళ్లు ఒక కాగితం చేతిలో పెట్టారు. సాయంత్రం ఆరున్నరకు ‘అపెరితీవో’ నడక, ఒక అమ్మాయి దారి చూపిస్తుంది, నాలుగు చోట్ల ఆగుతారు అని అందులో ఉంది.

“ఏంటి తమ్ముడా అది?” అంది అక్క.

“అన్నం తినేముందు వీళ్లు ఏదో తాగుతారంటక్కా. అది చూపిస్తారంట.”

“తాగడం చూడ్డానికి ఇంత దూరం రావాలా? మన సంత రోజు కొట్టు ముందు నిలబడితే సరిపోయేది కదా!” అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. వెళ్లొద్దనుకున్నాను. కానీ అక్క ఒక్కతే వెళ్తే ఆమెకు మాట చెప్పేవాళ్లుండరు. అలా వెళ్లాను.

మొదట ఆగింది పియాజా కాస్తెల్లో అనే పెద్ద చౌకులో. చుట్టూ రాజుల కాలంనాటి మేడలు. 1786లో ఆంతోనియో బెనెదెత్తో కార్పానో అనే ఆయన ఈ చౌకులోని ఒక కొట్టులోనే తెల్ల ద్రాక్షసారాలో మూలికలు, సుగంధ దినుసులు ఊరబెట్టి ‘వెర్మూత్’ తయారుచేశాడని ఆ అమ్మాయి చెప్పింది. ఆ పేరు ‘వెర్ముట్’ అనే జర్మన్ మాట నుంచి వచ్చింది. అది ఒక చేదు మొక్క పేరు. ఆమె ఫోనులో ఆ మొక్క బొమ్మ చూపించింది. బూడిద రంగు ఆకులు, చీలికలు చీలికలుగా ఉన్నాయి. మన మాచిపత్రి జాతిదే. వినాయక చవితి పత్రిలో పెట్టే మాచిపత్రికి వరస చుట్టం అన్నమాట.

చిన్న గాజు గ్లాసు, అందులో రెండు మంచు ముక్కలు, ఒక నారింజ చెక్క, నాలుగు గుక్కల ఎర్రటి పానీయం. అక్క ఒక గుక్క తాగి మొహం ముడిచింది. కాసేపు నోట్లోనే తిప్పి, “బెల్లం కలిపిన నేలవేము కషాయం లాగుంది” అంది. నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. నేలవేము జ్వరానికి మేం తాగే చేదు మొక్క అని కూడా చెప్పాను. ఆ అమ్మాయి తెగ సంతోషపడింది. ఇక్కడా మొదట ఇలాంటివి మందుగానే తాగేవారని, చేదు నాలుకకు తగిలితే నోట్లో నీళ్లు ఊరి ఆకలి పుడుతుందని నమ్మకమని చెప్పింది. అపెరితీవో అనే మాటకు మూలం ‘తెరవడం’ అట. ఆకలిని తెరిచేది అపెరితీవో.

నేను తాగనని మెల్లగా చెప్పాను. ఎందుకని ఆమె అడగలేదు. లోపలికి వెళ్లి కినోట్టో అనే పానీయం తెచ్చింది. చూడ్డానికి కోలాలా నల్లగా ఉంది, నోట్లో పోసుకుంటే చేదు. లిగూరియా సముద్ర తీరంలో పండే ఒక చిన్న నారింజతో చేస్తారట. అందులో సారా ఉండదు. దానికీ అలాంటి మంచి గ్లాసే, అలాగే నారింజ చెక్క. పక్కనున్నవాళ్లు నా గ్లాసుకు తమ గ్లాసు తాకించి, కళ్లలోకి చూసి ‘చిన్ చిన్’ అన్నారు. తాగనివాడికి కూడా ఆ బల్ల దగ్గర చోటు ఉంది. ఈ చిన్న సంగతి నా మనసులో నాటుకుంది. మన దగ్గర తాగనివాడు పొద్దు వాలాక స్నేహితులకు పరాయివాడైపోతాడు. ఒంటరిగా ఉండలేక మళ్లీ ఆ గుంపులోనే చేరి చెడినవాళ్లను నేను చూశాను.

అక్కడి నుంచి పో వీధిలో నడిచాం. వీధికి రెండు వైపులా పొడుగాటి వసారాలు. వాన పడినా తడవకుండా నది దాకా వెళ్లొచ్చు. రాజు తడవకూడదని అలా కట్టారని చెప్పుకుంటారు. ఆ వసారాలోనే రెండో చోటు. అక్కడ ‘గ్రిస్సీనీ’ పెట్టారు. బెత్తాల్లా సన్నగా పొడుగ్గా ఉండే కరకరలాడే రొట్టె పుల్లలు. ఈ నగరంలో పుట్టినవే. వాటితో పాటు ‘కినాతో’ అనే ద్రాక్షసారా చిన్న గ్లాసులో ఇచ్చారు. అందులో సింకోనా బెరడు ఊరబెడతారు.

ఆ పేరు వినగానే నేను ఆగిపోయాను. సింకోనా అంటే క్వినైన్. మన కొండల్లో మలేరియా జ్వరంతో మూలిగినవాళ్లకు క్వినైన్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆ చెట్టు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలది. ఆ బెరడు వాడకం బయటి ప్రపంచానికి అందింది అక్కడి ఆదివాసుల చేతుల మీదుగానే. ఆ బెరడు ఐరోపాకు చేరి మందైంది, తర్వాత ఈ గ్లాసులోకి వచ్చింది. సీసా మీద కొట్టు పేరు ఉంది, ఊరి పేరు ఉంది. ఆండీస్ కొండలవాళ్ల పేరు మాత్రం ఎక్కడా లేదు. అక్కకు చెప్తే, “మన కరక్కాయలు, కుంకుళ్లు కూడా ఇలాగే పోతాయి కదా, ఏ సీసా మీద మన పేరుంది?” అంది. ఆ అమ్మాయికి ఈ మాట ఇంగ్లీషులో చెప్పడానికి నాకు కొంచెం టైం పట్టింది.

మూడో చోటు నది ఒడ్డున ఉన్న పియాజా విత్తోరియో. చీకటి పడుతోంది. బల్లలన్నీ నిండిపోయాయి. ఎక్కడ చూసినా నారింజ రంగు గ్లాసులే. దాన్ని ‘స్ప్రిట్జ్’ అంటారు. ఇది టురిన్‌ది కాదు, వెనిస్ వైపు నుంచి వచ్చింది. ఆ ప్రాంతం ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్నప్పుడు, అక్కడి ద్రాక్షసారా ఘాటు తట్టుకోలేక ఆస్ట్రియా సైనికులు నీళ్లు చిలకరించుకుని తాగేవారట. స్ప్రిట్జ్ అంటే చిలకరింపు. ఇప్పుడు దాంట్లో మూడు వంతులు బుడగల ద్రాక్షసారా, రెండు వంతులు 1919లో పాడువాలో పుట్టిన ఆపెరోల్, ఒక వంతు సోడా కలుపుతారు. గ్లాసుతో పాటు పచ్చ ఆలివ్ కాయలు, వేరుశెనగలు, జున్ను, చిన్న రొట్టె ముక్కలు వచ్చాయి. ధర మన లెక్కలో తొమ్మిది వందల పైమాటే. అది మా ఊళ్లో రెండు మూడు రోజుల కూలి.

నేను గ్లాసుల కన్నా మనుషుల్ని ఎక్కువ చూశాను. ఒక ముసలావిడ, ఆమె కూతురు, మనవరాలు ఒకే బల్ల దగ్గర ఉన్నారు. పిల్ల పండ్ల రసం తాగుతోంది. మేం అక్కడున్న సుమారు గంటసేపట్లో ముసలావిడ గ్లాసు సగమే అయింది. మా అన్న తాగింది ఇలా కాదు. బెల్టు షాపు వెనక గోడకి ఆనుకుని, ఖాళీ కడుపుతో, ఎవరైనా చూస్తారేమోనని ఒక్క గుక్కలో తాగేవాడు. వాడు తాగింది మన కల్లూ కాదు, మన ఇప్పసారా కూడా కాదు. దాన్ని ఎవరు కాచారో, అందులో ఏం కలిపారో తెలియని సరుకు. వాడి కడుపులో అన్నం ఉందో లేదో అడిగే మనిషి అక్కడ లేడు.

“ఇక్కడివాళ్లు ఎవరూ తాగి చెడిపోరా?” అని ఆ అమ్మాయిని అడిగేశాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. “చెడిపోతారు. మా మామయ్య అలాగే పోయాడు. మేం దాని గురించి మాట్లాడుకోం, అంతే” అంది. అది విన్నాక ఆమె నాకు బయటి మనిషిలా అనిపించలేదు. ఈ మాట ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, వాళ్లది గొప్ప పద్ధతి, మనది చెడ్డ పద్ధతి అని మీరు అనుకోకూడదు. అందమైన గ్లాసులో పోసినా సారా సారానే.

చివరి చోటు ఒక సన్న వీధిలో, నాలుగు బల్లల చిన్న పూటకూళ్లిల్లు. అక్కడ ‘మెరెండా సినోయిరా’ పెట్టారు. పియెమోంతే పల్లెల్లో పొలం పనివాళ్లు వేసవిలో పొద్దు వాలే వేళ తినే చిరుతిండి ఇది. పగలు పొడుగ్గా ఉండే రోజుల్లో పని ఆగదు కాబట్టి రాత్రి భోజనం బదులు గట్టు మీదే ఇది తినేవారు. జున్ను, రొట్టె, ఎండబెట్టిన మాంసం, కాస్త ద్రాక్షసారా. ఇవాళ పట్నంలో ఫ్యాషన్‌గా మారిన ఈ సాయంత్రపు పళ్లేల వెనక కూలివాళ్ల గట్టు భోజనం కూడా ఉందన్నమాట.

ఒక గిన్నెలో ఆకుపచ్చ పచ్చడి, అందులో సన్న చేపలు. వాసన తగలగానే అక్క మొహం వెలిగిపోయింది. “ఎండు చేప!” అంది. అవి ఉప్పులో ఊరబెట్టిన ఆంచోవీలు. సముద్రం లేని ఈ కొండ దేశానికి సముద్రపు చేప ఎలా వచ్చిందని అడిగాను. మైరా లోయలోని కొండవాళ్లు చలికాలంలో పొలం పనులు లేనప్పుడు కిందికి దిగి, ఊరూరా బండ్ల మీద ఈ ఉప్పు చేపలు అమ్మేవారట. మన సంతకు కింది నుంచి ఉప్పు, ఎండు చేపలు రావడం అక్కకు తెలుసు. కానీ వాటిని అమ్మేవాళ్లు కూడా కొండవాళ్లే కావడం ఆమెకు కొత్త. “తూకం వాళ్ల చేతిలోనే ఉండేదన్నమాట” అంది. ఆ సాయంత్రం నేను విన్న మాటల్లో అన్నిటికన్నా బరువైనది అదే.

రాత్రి గదికి వచ్చాక నిద్ర పట్టలేదు. వెర్మూత్ పుట్టిన 1786 సంవత్సరం ఆ నగరంలో అందరికీ తెలుసు. 2017లో వాళ్ల ప్రభుత్వం ‘టురిన్ వెర్మూత్’ అనే పేరుకు నియమాలు కూడా పెట్టింది. ఆ పేరు పెట్టాలంటే చేదు మొక్క ఆ ప్రాంతానిదే కావాలి. మరి మన కల్లుకు చరిత్ర లేదా? ఉంది. 1879లో మన రంప కొండల్లో లేచిన తిరుగుబాటుకు ముఖ్య కారణాల్లో కల్లు ఒకటి. ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద కూడా పన్ను వేశారు. దాన్ని ‘చిగురు పన్ను’ అన్నారు. మన చెట్టు, మన చెయ్యి, మన ముంత, పన్ను మాత్రం పరాయివాడికి. వాళ్ల పానీయం పేరు సీసా మీదికి ఎక్కింది. మన పానీయం పేరు పన్నుల పుస్తకంలోకి, తర్వాత కేసుల కాగితాల్లోకి ఎక్కింది.

మన పిల్లలకు కల్లు అంటే తిట్టు మాటగానే తెలుసు. బడిలో మేమే అలా నేర్పాం, నేనూ నేర్పాను. తాగొద్దు అని చెప్పడం తప్పు కాదు, ఇప్పుడూ చెప్తాను. కానీ దాంతో పాటు ఏమేం తుడిచేశామో ఆ రాత్రి అర్థమైంది. ఏ చెట్టు ఏ ఇంటిది, గెల ఎప్పుడు కోయాలి, ముందు ఎవరికి పోయాలి, ఎన్ని డొప్పలకు ఆపాలి, పక్కన ఏం తినాలి, ఎవరికి పోయకూడదు అనేవన్నీ మన పెద్దల దగ్గర కట్టుబాట్లుగా ఉండేవి. కట్టుబాటు పోయింది, తాగుడు మిగిలింది. మా అన్నను చంపింది ఆ ఖాళీయే అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

ఊరికి వచ్చాక మా అవ్వకు ఇదంతా చెప్పాను. చేదు గ్లాసు గురించి విని తలాడించింది. “తాగేముందు నేలకు పోశారా?” అని అడిగింది.

“లేదవ్వా. కానీ ఒకళ్ల కళ్లలోకి ఒకళ్లు చూసుకుంటారు.”

అవ్వ కాసేపు ఆలోచించింది. “అదీ మంచిదే. కళ్లలోకి చూస్తే ఎంత తాగాడో తెలుస్తుంది” అంది.

ఇప్పుడు మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ముసలివాళ్లను అడిగి రాసుకొస్తారు. చేదు మొక్కల పేర్లు, జ్వరం కషాయాలు, జీలుగు చెట్టు కట్టుబాట్లు, చెప్పినవాళ్ల పేరు, ఊరు. చెప్పినవాళ్ల పేరు తప్పకుండా రాయాలన్నది అక్క పెట్టిన నియమం. ఇప్పటికి నలభై ఒక్క పేజీలు నిండాయి. మొదటి పేజీలో నేలవేము ఉంది, దాని కింద మా అవ్వ పేరు ఉంది. సాటి పంతుళ్లు, చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ ఊళ్లలోనూ ఇలాంటి పుస్తకం ఒకటి మొదలుపెట్టండి. చెప్పగలిగే ముసలివాళ్లు ఉన్నప్పుడే రాసుకోవాలి.