హెచ్ఎంటీ వడ్లు పుట్టిన పల్లె

మూల్, సిందేవాహీ దాటి నాగ్‌భీడ్ వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా వరి, ఆ వెనకాలే అడవి. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని నాగ్‌భీడ్ తాలూకాలో నాందేడ్ అనే చిన్న పల్లె ఉంది. గురుద్వారా ఉన్న నాందేడ్ నగరం వేరు, ఇది వేరు. తెలంగాణ ఇళ్లలో ఏళ్లుగా ఉడుకుతున్న హెచ్ఎంటీ బియ్యం పుట్టింది ఇక్కడే. దాన్ని వెలికితీసిన దళిత రైతు దాదాజీ రామాజీ ఖోబ్రగడే 2018 జూన్ 3న కన్నుమూశారు. ఆయన తిరిగిన గట్లు చూడాలని వచ్చాను.

కోతలు నడుస్తున్నాయి. మడిలో ఉన్న ఓ పెద్దాయన మరాఠీ కలిసిన హిందీలో పలకరించారు. తెలంగాణ నుంచి వచ్చానంటే, "మీ దిక్కు కూడా తింటారా ఇది?" అంటూ కొడవలి పక్కన పెట్టారు. ఓ కంకి దూసి, గింజల్ని అరచేతుల మధ్య గట్టిగా నలిపి, పొట్టు ఊదేశారు. నాజూకైన సన్న గింజలు మిగిలాయి.

1983లో ఖోబ్రగడే పొలంలో ఉన్నది పటేల్-3 రకం. అందులో కొన్ని కంకులు పసుపు ఛాయలో తేడాగా కనిపించాయి. ఎవరైనా బెరుకు అని పీకి గట్టు మీద పడేస్తారు. విత్తనం స్వచ్ఛంగా ఉండాలంటే అలా పీకడమే పద్ధతి కూడా. ఆయన వాటిని విడిగా కోసి దాచి, మరుసటి ఏడు పొలం నడుమ వేరుగా వేశారు. వరి ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది కాబట్టి ఏరిన మొక్క గుణం నిలవడానికి వీలుంది. నిలిచిందో లేదో తేలాలంటే మాత్రం ఏటా నాటాలి, ఏరాలి, వండుకుని తినాలి. మూడో తరగతితో బడి మానేసిన ఆ మనిషి ఏళ్ల తరబడి చేసింది అదే. దీన్ని పరిశోధన అనడానికి నాకే సంకోచమూ లేదు.

1990 ప్రాంతంలో ఊళ్లోని మరో రైతు ఆ విత్తనం తీసుకుని ఎక్కువ పొలంలో వేశారు. పేరులేని ఆ ధాన్యం అంగడికి చేరితే, వ్యాపారి అప్పట్లో అందరికీ మోజున్న హెచ్ఎంటీ చేతిగడియారం పేరు పెట్టేశారు. 1998లో వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి, ఆ వడ్ల నుంచే ఏరిన రకం పీకేవీ-హెచ్ఎంటీ పేరుతో విడుదలైంది. తనకు దక్కాల్సిన గుర్తింపు దక్కలేదన్న బాధ ఖోబ్రగడేను వదల్లేదు. వంగడం తీసిన రైతుకు హక్కులిచ్చే చట్టం 2001లో గానీ రాలేదు. అప్పటికి ఆ వడ్లు రాష్ట్రాలు దాటిపోయాయి.

కొడుకు జబ్బు చేస్తే ఆయన పొలం అమ్ముకున్నారు. కూలికి వెళ్లారు. బంధువులిచ్చిన ఎకరన్నరలో మళ్లీ కంకులు ఏరడం మొదలుపెట్టారు. నాందేడ్-92, నాందేడ్ హీరా, విజయ్ నాందేడ్ లాంటి రకాలూ ఆయన తీసినవే. 2005లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం చేతుల మీదుగా పురస్కారం అందుకున్నారు. 2010లో ఫోర్బ్స్ పత్రిక జాబితాకూ ఎక్కారు. అవసరానికి అమ్ముదామని తీసుకెళ్తే, మరో సన్మానంలో ఇచ్చిన బంగారు పతకం మేలిమిది కాదని తేలింది. ఆ సంగతి ఎన్నిసార్లు తలచుకున్నా నాకు కడుపు మండుతుంది. చివరికి పక్షవాతంతో మంచాన పడితే వైద్యం ఖర్చుకు ఆ ఇంటివాళ్లు ఇతరుల సాయం కోరాల్సి వచ్చింది.

ఆయన తీసిన మరో రకం పేరు డీఆర్‌కే. దాదాజీ రామాజీ ఖోబ్రగడే. విత్తన సంచి మీద ఆయన తన పేరు తానే రాసుకున్నారు.