తూనికకు దొరకని వ్యాధి



మా ఆర్మూరు ప్రాంతమున మాఘ ఫాల్గుణ మాసములు పసుపు పనుల కాలము. త్రవ్వితెచ్చిన పసుపును ఉడికించుట, కళ్ళములో ఆరబోయుట, బస్తాల కెత్తుట, వీనితో ఇంటిల్లిపాదికి తీరిక యుండదు. అట్టి పనుల నడుమ మా చిన్న మరిది యొకనాడు కళ్ళమునుండి లేచివచ్చి, కుప్పల చాటున నెవరో తన్ను గూర్చి గుసగుసలాడుచున్నారని చెప్పెను. అచట నెవరును లేరు. అప్పటి కాతనికి 22 ఏండ్లు.

పిదప ఆతడు స్నేహితులను మానెను, స్నానము మానెను, తలుపు వేసికొని గోడతో మాటలాడసాగెను. ఇంటివారు పనిదొంగ యని నిందించిరి. దాచనేల, మేమును నిందించితిమి. అత్తగారు తమ పెంపకములోనే లోపమున్నదని కుమిలి, వెండి తాయెత్తు కట్టించిరి. పెండ్లి చేసినచో కుదురుకొనునని పిల్లను గూడ వెదకసాగిరి.

ఏడాది గడచినపిమ్మట గాని మానసిక వైద్యుని యొద్దకు పోలేదు. ఇది స్కిజోఫ్రేనియా కావచ్చునని చెప్పి, మెదడులో గడ్డ వంటివి లేవని నిశ్చయించుకొనుటకై ఆయన ఎం.ఆర్.ఐ. తీయించుమనిరి. ఆ గదిలోనికి లోహమును కొనిపోరాదు గనుక తాయెత్తు విప్పవలసివచ్చెను. లోపల యంత్రము దబదబ మ్రోగుచుండగా అత్తగారు దానిని గుప్పిట బట్టుకొని తలుపు బయట కూర్చుండిరి.

మెదడున చెప్పదగిన దోషము లేదని ఫలితము వచ్చెను. చిక్కంతయు నప్పుడే వచ్చిపడినది. "చూచితిరా, రోగము లేదు, అంతయు నటనయే" అని మగవారనిరి. "అట్లయిన పెండ్లి కడ్డేమి?" అని అత్తగారనిరి. మేము ఆ కాగితమును పట్టుకొని మరల వైద్యునొద్దకు పోయి, రోగమున్నచో యంత్రమున కేల కనబడలేదని యడిగితిమి.

ఆయన చెప్పినదియు, తరువాత మేము చదివి తెలిసికొన్నదియు ఇది. మన దేహమునందలి నీటిలో హైడ్రోజను కలదు. బలమైన అయస్కాంతము దాని పరమాణు కేంద్రకములను ఒక దిక్కునకు మొగ్గునట్లు చేయును. రేడియో తరంగములు వానిని కదల్చును. మరల కుదుటపడునప్పుడు అవి వెలువరించు సంకేతములనుండి చిత్రము ఏర్పడును. పొరలుపొరలుగా తీసిన చిత్రములను కలిపి, మెదడులో నే భాగమెంత పరిమాణము గలదో లెక్కింతురు. ఈ విద్యకై పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్ అనువారికి 2003లో నోబెల్ బహుమానము లభించినది.

1990లో అమెరికాలో 15 జంటల ఏకరూప కవలలపై జరిపిన పరిశోధన ప్రకటితమైనది. ప్రతి జంటలో ఒకరికే ఈ వ్యాధి కలదు. 14 జంటలలో వ్యాధిగలవారి ఎడమ హిప్పోకాంపస్, అనగా జ్ఞాపకమునకు ముఖ్యమైన భాగము, తోబుట్టువు దానికంటె చిన్నదిగా నుండెను. 2016లో ఎనిగ్మా అను అంతర్జాతీయ బృందము 2,028 మంది రోగులను 2,540 మంది ఆరోగ్యవంతులతో పోల్చగా, రోగులలో హిప్పోకాంపస్ సగటున చిన్నదిగను, మెదడులోని ద్రవకుహరములు పెద్దవిగను తేలినవి. మందులవలనను కొంత మార్పు కలుగవచ్చునందురు. అంతమాత్రమున వైద్యుని యడుగక మందు మానినచో వ్యాధి తిరుగబెట్టు భయము మెండు.

"సగటున" అను మాటలోనే కీలకమున్నది. రెండు పొలముల పసుపునుండి వేయేసి కొమ్ములు తూచినచో, ఒక పొలము కొమ్ములు కొంచెము తేలికయని చెప్పవచ్చును. కాని యొక్క కొమ్మును చేతికిచ్చి ఇది యే పొలముదని యడిగినచో ఎంతటి వర్తకుడైనను తూచి చెప్పలేడు. చిన్నవియు పెద్దవియు రెండింటను ఉండును గదా! వేలమందిని పోల్చినప్పుడు తేలు స్వల్పభేదము ఒక్కని చిత్రములో తెలియకపోవచ్చును. నేటికిని వైద్యులు ఈ వ్యాధిని లక్షణములను విచారించి నిర్ణయింతురు గాని చిత్రమును చూచి కాదు.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పితిమి. అత్తగారు చాలసేపు మాటాడక, "అయితే మా పెంపకము వలన కాదా?" అని మాత్ర మడిగిరి. ఒక్క తల్లి కడుపున ఒక్కసారే పుట్టి, ఒక్క తీరున పెరిగిన కవలలలోనే ఒకరికి వచ్చి యొకరికి రాలేదు గదా అంటిమి. ఆమె కొంగుతో కన్నులు తుడుచుకొనిరి. వ్యాధిని దాచి పెండ్లి చేయుట మరియొక తల్లి బిడ్డ గొంతు కోయుటయే యనియు చెప్పితిమి. సంబంధము నాపిరి గాని, కొన్ని నెలలపాటు మాతో మాటలు తగ్గించిరి.

నేటికి మూడేండ్లయినది. రాత్రి భోజనమైన పిమ్మట అత్తగారే మందు చేతి కిత్తురు. ఆ గొంతులు పూర్తిగా పోలేదు గాని దూరమైనవని మరిది చెప్పును. ఈ యేడు కళ్ళములో పసుపు తిరుగవేసినాడు.

మీ యింట నిట్టి లక్షణములు కనబడినచో ఏడాది మావలె జాగు చేయకుడు. హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయము కలదు. 2022లో నెలకొల్పిన టెలీ మానస్ వారిని 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సలహా యడుగవచ్చును. కాగితముపై దోషము లేదని వ్రాసినంతమాత్రమున మనిషికి బాధ లేదని మాత్రము తలపకుడు.